నాటిన పంటికి కాపుదల



ఈ మధ్య పల్లె సంఘములకు వెళ్ళినప్పుడు పెద్దలు మమ్మును తరచుగా ఒక ప్రశ్న అడుగుచున్నారు. "అయ్యగారూ, ఊడిపోయిన పన్ను ఉండిన చోట ఎముకలోనే కొత్త పన్ను నాటతారంట గదా? మాలాంటోళ్ళకు అది పనికొస్తుందా? అంత దుడ్డు పెడితే ఎన్నాళ్ళు నిలుస్తుంది?" అని. ఇది చిన్న ప్రశ్న కాదు. కొందరు పాడిఆవును అమ్మి, కొందరు చెరకు డబ్బు తీసి ఈ పని చేయించుకొనుచున్నారు. మేము వైద్యులము కాము. అయినను తెలిసిన దంతవైద్యులను అడిగి, చదివి గ్రహించిన సంగతులను ఈ నెల మీ ముందుంచుచున్నాము.

పళ్ళు లేని బాధ పైకి చెప్పుకొనేది కాదు. సంగటి ముద్ద మింగవచ్చును గాని చెనిక్కాయలు, మాంసము, జామపండు నోటికి దూరమగును. ప్రేమవిందులో అందరు తినుచుండగా ఒక మూల చారన్నముతో సరిపెట్టుకొను అవ్వలను మనము చూచుచునే ఉన్నాము. పాట పాడునప్పుడు కొంగు నోటికి అడ్డము పెట్టుకొను తల్లులు ఎంతమంది లేరు! పైగా పన్ను పోయిన చోట దవడ ఎముక ఊరకుండదు. పని లేని ఎముక కరుగుచు పోవును. మొదటి సంవత్సరములోనే ఎక్కువగా కరుగును. కట్టుడుపళ్ళు కొన్నేండ్లకు వదులై కదలుటకు ఇదే ముఖ్య కారణము.

ఇది ఎట్లు వచ్చినది?

స్వీడన్ దేశములో పెర్ ఇంగ్వర్ బ్రోనెమార్క్ అను వైద్యుడు 1952లో ఎముక ఎట్లు మానునో తెలిసికొనుటకు కుందేళ్ళ కాలి ఎముకలో టైటానియం లోహపు గొట్టములు అమర్చెను. పని ముగిసిన తరువాత వాటిని తీయబోతే రాలేదు. ఎముక ఆ లోహమును తనలో కలుపుకొని గట్టిగా పట్టుకొన్నది. శరీరము ఈ లోహమును పరాయిదిగా ఎంచి త్రోసివేయదని దానివలన తెలిసెను. 1965లో గోటెబర్గ్ పట్టణములో గోస్టా లార్సన్ అను రోగికి క్రింది దవడలో మొదటిసారిగా ఇట్టి ఇంప్లాంట్లు అమర్చిరి. ఆయన 2006లో చనిపోవువరకు, అనగా 40 ఏండ్లకు పైగా, వాటితోనే భోజనము చేసెను.

పద్ధతి ఇది. తిమ్మిరి సూది వేసి, చిగురు కోసి, ఎముకలో సన్నని రంధ్రము చేసి టైటానియం మరను బిగింతురు. అది ఎముకతో ఏకమగుటకు సాధారణముగా 3 నుండి 6 నెలలు పట్టును. పై దవడ ఎముక మెత్తనిది గనుక అక్కడ ఎక్కువ కాలము పట్టవచ్చును. ఆ తరువాత దానిమీద పంటి తొడుగు కూర్చెదరు. ఎముక చాలనిచో ముందుగా ఎముక పొడి వేసి పెంచవలసియుండును. విత్తిన మరునాడే కోతకు పోము గదా! ఈ నెలలలో తొందరపడరాదు.

ఎవరికి తగును?

వయస్సు ఎక్కువైనంత మాత్రమున అడ్డు లేదు. 70 ఏండ్లవారు కూడ చేయించుకొనవచ్చును. అయితే దవడ ఇంకా పెరుగుచున్న పిల్లలకు చేయరు. చక్కెర వ్యాధి ఉన్నవారు మొదట దానిని అదుపులోనికి తెచ్చుకొనవలెను. చక్కెర హెచ్చుగా ఉన్నవానికి పుండు మానదు, ఎముక పట్టదు. రక్తము పలుచన చేయు మాత్రలు, ఎముకల బలహీనతకు ఇచ్చు మందులు వాడుచున్నచో ఆ సంగతి దంతవైద్యునికి తప్పక చెప్పవలెను. ఏ మాత్రనైనను మీ అంతట మీరు మానరాదు.

బీడీ, సిగరెట్టు త్రాగువారికి ఒక మాట. పొగ చిగుళ్ళకు పోవు రక్తమును తగ్గించును. పొగ త్రాగువారిలో ఇంప్లాంట్లు ఊడిపోవుట ఎక్కువని అనేక పరిశోధనలు చెప్పుచున్నవి. పొగాకు నమలుట నోటికి మరియొక కీడు, క్యాన్సరుకు దారి. ఒకవైపు వేల రూపాయలు పెట్టి పన్ను నాటించుకొని, మరియొకవైపు బీడీకట్ట కొనుట తన పైరును తానే మేపుకొనుట వంటిది.

ఖర్చు మాట

ఒక్క ఇంప్లాంటుకు ఊరిని బట్టి, కంపెనీని బట్టి సుమారు 20 వేల నుండి 50 వేల రూపాయల వరకు, కొన్నిచోట్ల అంతకు పైన అగును. అందరికి ఇది అవసరము కాదు. ప్రక్క పళ్ళు గట్టిగా ఉన్నచోట బ్రిడ్జి కట్టించుకొనవచ్చును. చక్కగా కుదిరిన కట్టుడుపళ్ళు పెట్టుకొనుట సిగ్గుపడవలసినది కాదు. దీనికొరకు వడ్డీకి అప్పు చేయవద్దని మా సలహా.

క్రింది పళ్ళన్నియు పోయినవారికి మధ్యమార్గము ఒకటి ఉన్నది. ప్రతి పంటికి ఒక మర అక్కరలేదు. క్రింది దవడలో రెండు ఇంప్లాంట్లు వేసి, కట్టుడుపళ్ళను వాటికి బొత్తాము వలె తగిలించుకొనవచ్చును. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయములో కూడిన నిపుణులు అట్టివారికి మొదట చూడవలసిన చికిత్స ఇదేయని అభిప్రాయపడిరి. నమలుటకు బలము, ఖర్చులో తగ్గింపు రెండును ఇందులో కలవు.

మన చిత్తూరువారికి వేలూరు దగ్గరే. 1900లో ఐడా స్కడ్డర్ దొరసానిగారు ఒక్క పడకతో ఆరంభించిన సి.ఎం.సి. ఆసుపత్రిలో దంతవిభాగము కూడ ఉన్నది. తిరుపతిలో సి.కె.ఎస్. తేజ దంతవైద్య కళాశాల ఉన్నది. సాధారణముగా దంతవైద్య కళాశాలలలో ప్రైవేటు క్లినిక్కుల కంటె ఖర్చు తక్కువ. ఎక్కడికి పోయినను ముందుగా మూడు సంగతులు అడుగుడి: మొత్తము ఎంత అగును, ఎన్నిసార్లు రావలెను, తరువాత చెడితే ఎవరు చూచెదరు? వేసిన ఇంప్లాంటు కంపెనీ పేరు, కొలత వ్రాసిన కార్డు అడిగి తీసికొని ఇంటి పత్రములతో దాచుడి. పదేండ్ల తరువాత వేరొక వైద్యుడు చూడవలసి వచ్చిన యెడల అది లేక ఇబ్బంది పడుదురు.

కాపుదల

పదేండ్లు గడచిన తరువాత కూడ 100 ఇంప్లాంట్లలో 90కి పైగా నిలుచుచున్నవి. అయితే కాపుదల లేని చోట కాదు. లోహమునకు పుప్పి పట్టదు. అందుచేతనే అనేకులు "దీనికేమి అగును?" అని అశ్రద్ధ చేయుదురు. పుప్పి పట్టకపోయినను దాని చుట్టునున్న చిగురుకు జబ్బు పట్టును. సహజమైన పంటికి, ఎముకకు మధ్య మెత్తని నార ఉండి కొంత కాపాడును. ఇంప్లాంటుకు ఆ నార లేదు. పాచి చేరితే మొదట చిగురు వాచి రక్తము కారును. ఆ దశలో శుభ్రము చేయిస్తే బాగగును. విడిచిపెడితే లోపల ఎముక కరుగును. చాలాసార్లు నొప్పి కూడ ఉండదు. మర కదలిన తరువాత దానిని నిలుపుట బహు కష్టము.

కావున ఉదయము, రాత్రి మెత్తని బ్రష్షుతో చిగురు అంచు వరకు, లోపలివైపు కూడ తోమవలెను. పళ్ళ సందులకు సన్నని సందు బ్రష్షులు మందుల షాపులలో దొరకును. ఇటుక పొడి, బొగ్గు, ఉప్పు వాడరాదు, అవి గీతలు పెట్టును. వేపపుల్ల మన పెద్దలు వాడినదే గాని, వెనుక పళ్ళ సందులకు అది అందదు. చెరకు చీల్చుట, ఎముక కొరుకుట, సీసా మూత తీయుట ఈ పంటితో చేయరాదు. నిద్రలో పళ్ళు కొరుకు అలవాటున్నచో వైద్యునికి చెప్పుడి. ఆరు నెలలకొకసారి చూపించుకొనవలెను. వైద్యుడు చెప్పినప్పుడు ఎక్స్‌రే తీయించవలెను. రక్తము, చీము, వాపు, కదలిక, వీటిలో ఏది కనబడినను ఆ వారమే వెళ్ళవలెను.

చివరగా పట్టణములలో ఉద్యోగము చేయు బిడ్డలకు ఒక మాట. బెంగుళూరు నుండి, చెన్నై నుండి సెలవుకు వచ్చి, అమ్మకు పళ్ళు పెట్టించి తిరిగి పోవుచున్నారు. మంచిదే. అయితే ఆరు నెలల తరువాత ఆమెను బస్సెక్కించి తీసికొనిపోవువారెవరు? చూపు మందగించిన ఆమెకు అద్దము ముందు నిలిచి పళ్ళ వెనుక తోముట నేర్పువారెవరు? మరకు డబ్బు కట్టిన దినమే ఈ ప్రశ్నకు కూడ జవాబు ఏర్పాటు చేయుడి. ఇంటిలో ఒక మనుమరాలికి ఆ పని అప్పగించుడి. లేదా సంఘములోని యౌవనస్థులు ఒకరు ఆ బాధ్యత తీసికొనవచ్చును. అది కుదరనిచో, ఇంట తీసి కడుగుకొనగల కట్టుడుపళ్ళే ఆ తల్లికి మేలు.

మీ ఇంటి పెద్దలు వచ్చే ప్రేమవిందులో అందరితోపాటు కడుపార నమిలి తినుదురు గాక!