రాత్రి రెండు గంటల గడి

గత సంచికలో ఈ శీర్షికన బేరింగులు వేడెక్కుటకు గల కారణాలను ముచ్చటించుకున్నాము. ఈ మాసము యంత్రశాలను విడిచి ఇంటి పడకగదిలోనికి అడుగుపెడుతున్నందుకు పాఠక మిత్రులు అన్యథా భావింపరని తలుస్తాము. మా వయసు వారి ఇళ్ళలో తల్లిదండ్రులు మంచము పట్టుట సామాన్యమైపోయింది. ఆస్పత్రి వారు పది రోజులకు ఇంటికి పంపుతారు. ఆపై నెలల తరబడి రోగిని కనిపెట్టుకుని ఉండవలసినది ఇంటివారే. ఆ విద్య మనకు ఏ కళాశాలలోనూ నేర్పలేదు.

2023 వేసవిలో మా అమ్మగారికి పక్షవాతము వచ్చి కుడి పక్క చచ్చుబడింది. ఇంటికి పంపునాడు మందుల చీటీ చివర ‘ప్రతి రెండు గంటలకు పక్కకు తిప్పవలెను’ అని ఒక వాక్యము రాసి ఇచ్చారు. ఎట్లు తిప్పాలో, ఎందుకు తిప్పాలో అందులో లేదు. మేమూ అడుగలేదు.

మూడు దశాబ్దాలుగా లాగ్‌షీట్ల నడుమ బతికినవారము గనుక, మాకు తోచిన మొదటి పని ఒక కాగితముపై గీతలు గీయడమే. సమయము, జ్వరము, నాడి, రక్తపోటు, లోనికి వెళ్ళిన ద్రవము, వెలికి వచ్చిన మూత్రము, తిప్పిన పక్క. ఇట్లు గడులు గీసి గోడకు తగిలించి, చూడవచ్చిన బంధువులకు కొంత గర్వముతోనే చూపించాము.

పన్నెండవ రోజున, వారానికి రెండు మార్లు ఇంటికి వచ్చుటకు ఒప్పుకున్న సిస్టర్ వచ్చారు. ఆమె గోడ వంక చూడనే లేదు. చేతులు కడుక్కుని, “మామ్మగారూ, మిమ్మల్ని ఎడమ పక్కకు తిప్పుతాను, సరేనా?” అని అడిగి, తిప్పి, వీపు పరిశీలించారు. వెన్నెముక ముగిసే చోట రూపాయి బిళ్ళంత ఎర్రని మచ్చ! వేలితో నొక్కి వదిలారు. ఆ ఎరుపు చెదరలేదు.

“పుండు మొదలవుతోంది సార్. చర్మం ఇంకా చిట్లలేదు, అదే అదృష్టం. రాత్రిపూట తిప్పుతున్నారా?”

మేము గోడ మీది కాగితము చూపాము. రాత్రి రెండు గంటల గడిలో ప్రతిదినమూ టిక్కు ఉన్నది. అయితే చివరి నాలుగు రాత్రుల టిక్కులు ఉదయము ఆరు గంటలకు పెట్టినవని మాకు తెలుసు. అలారము మోగిన మాట నిజమే. పాపము, అమ్మ నిద్ర చెడగొట్టడమెందుకని మాకు మేమే చెప్పుకుని మరల కన్నుమూశాము.

ఒకప్పుడు షిఫ్టు ఇన్‌ఛార్జిగా ఉండగా, ప్రెషర్ గేజి వద్దకు పోకుండానే రీడింగు రాసిన ఆపరేటరుకు మేము మెమో ఇచ్చియున్నాము. ఆ సంగతి ఆ క్షణాన జ్ఞాపకము వచ్చింది. దాచుకోక సిస్టర్‌కు ఉన్నది ఉన్నట్లు చెప్పాము. ఆమె మందలించలేదు. “తిప్పనప్పుడు తిప్పలేదనే రాయండి సార్. అదే నాకు పనికొస్తుంది” అన్నారు.

ఇక ఆమె వద్ద నేర్చినది పాఠకులతో పంచుకొందుము. మన చర్మములోని సూక్ష్మ రక్తనాళాలలో పీడనము స్వల్పము. 1930లో లాండిస్ అనే శాస్త్రజ్ఞుడు కొలిచినప్పుడు, ధమని వైపు కొసన అది సగటున 32 మిల్లీమీటర్ల పాదరస మట్టము మాత్రమే. పరుపునకు, ఎముకకు నడుమ నలిగిన చోట ఒత్తిడి దీనిని మించి చాలాసేపు నిలిచినచో రక్తము ఆడక కణజాలము చచ్చిపోతుంది. నడుము కింది ఎముక, తుంటి, మడమ, చీలమండ, మోచేయి ఇందుకు అనువైన స్థలాలు. తిప్పునప్పుడెల్ల వీటిని కళ్ళారా చూడవలెను. నొక్కినా చెదరని ఎరుపు మొదటి హెచ్చరిక. నల్లని మేనిఛాయ వారిలో ఎరుపు తెలియకపోవచ్చును. అట్టివారిలో పక్క చర్మముతో పోల్చి వేడి, గట్టిదనము, నొప్పి గమనించవలెను.

రోగిని ఈడ్చరాదు. ఈడ్చినప్పుడు చర్మము పరుపును అంటి ఉండగా లోపలి కండ జరిగి, నాళాలు సాగి తెగుతాయి. మనము ఏ వైపు తిప్పదలచితే ఆ వైపున నిలబడి, అవతలి మోకాలిని మడిచి, అవతలి భుజము, తుంటి పట్టి మన వైపునకు దొర్లించుకోవలెను. పూర్తిగా పక్క మీద గాక, వీపు వెనుక దిండు ఉంచి 30 డిగ్రీల వాలున పడుకోబెట్టుట మేలు. పిక్కల కింద దిండు పెట్టినచో మడమలు పరుపును తాకవు. ఎర్రబడిన చోట మర్దన చేయుట, ట్యూబు వంటి గుండ్రని దిండు పెట్టుట హానికరము. ఈ రెండూ మేము అప్పటికే చేసియున్నాము! రెండు గంటలన్నది సాధారణ నియమము. రోగి స్థితిని, పరుపును బట్టి ఆ వ్యవధిని వైద్య సిబ్బంది నిర్ణయించవలెను.

చేతులు సబ్బుతో 40 నుండి 60 సెకన్లు కడుగవలెను. శ్వాసను లెక్కించునప్పుడు రోగికి చెప్పరాదు. చెప్పినచో ఊపిరి తీరు మారుతుంది. నాడి పట్టుకున్నట్లే ఉండి, నిండు నిమిషము ఛాతీని గమనించవలెను. విశ్రాంతిగా ఉన్న పెద్దవారికి 12 నుండి 20 సామాన్యము. పక్షవాత రోగికి తినిపించుటకు ముందు మింగగలరో లేదో వైద్యుల చేత పరీక్ష చేయించవలెను. తినునప్పుడు నిటారుగా కూర్చుండబెట్టి, ఆ పిదప అరగంట అట్లే ఉంచవలెను. సూదులు, మూత్రపు గొట్టము మార్చుట వంటివి మన పనులు కావు. మూడు నాలుగేళ్ళు చదివిన సిస్టర్లకే వాటిని విడిచిపెట్టవలెను.

ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో వెలువరించిన నర్సింగు పుస్తకము వృత్తి నర్సుల కొరకు రాసినది కాదు. ఇంటిలో ఇతరుల ఆరోగ్య భారము మోయు స్త్రీల కొరకు రాసినది. ఆ భారము స్త్రీలదే అన్న తలంపు మనలో నేటికీ పోలేదు. మా ఇంటిలోనూ మొదటి పన్నెండు రోజులు గీతలు గీసినది మేము, పక్క దుప్పటి మార్చినది మా శ్రీమతి. ఆ సాయంత్రము మొదలు రాత్రిని రెండు షిఫ్టులుగా పంచుకున్నాము. రెండు గంటల గడి మా షిఫ్టులోనికి వచ్చింది.

తొలి రాత్రి సిస్టర్ చూపిన రీతిలోనే అమ్మను తిప్పాము. ఆమె కళ్ళు తెరిచి, తడబడు మాటతోనే, “చెప్పి తిప్పరా, మూట కాదు నేను” అన్నది. సిస్టర్ ముందుగా అనుమతి అడిగిన సంగతిని మేము మరిచాము. నాటి నుండి చెప్పే తిప్పుతున్నాము. వారము తిరుగకముందే మచ్చ మాయమైనది.

ఆస్పత్రి నుండి మీవారిని ఇంటికి తెచ్చుకొను పాఠకులకు మాదొక మనవి. చీటీ తీసుకుని వెంటనే బయలుదేరవద్దు. అక్కడి సిస్టర్‌ను బతిమాలి, ఆమె ఎదుటనే ఒకసారి మీ చేతులతో రోగిని తిప్పి చూపండి. ఆమె తప్పు పట్టినచో దిద్దుకోండి.

ఆ కాగితము నేటికీ మా గోడపైనే ఉన్నది. అందులో అక్కడక్కడ ఖాళీ గడులున్నవి. వచ్చే సంచికలో గేర్‌బాక్సుల వద్ద కలుసుకొందుము.