సర్వర్ కొనే ముందు బ్యాకప్ తెరిచి చూడండి

అబిడ్స్‌లో మా బాబాయికి స్టేషనరీ షాపుంది. బిల్లింగ్ అంతా ఎస్‌క్యూఎల్ సర్వర్ 2008 ఆర్2 ఎక్స్‌ప్రెస్ మీదే. దానికి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2019 జూలై 9తోనే అయిపోయింది. "నడుస్తోంది కదరా, ఇప్పుడెందుకు?" అనేవాడు. ఒక్కో డేటాబేస్‌కి 10 జీబీయే హద్దు, మనది 9 దాటింది అని చూపించాక ఒప్పుకున్నాడు. వెంటనే అడిగింది, "కొత్త మెషీన్‌ ఎంతవుతుంది?"

అందరం అక్కడే పొరబడతామని నా అభిప్రాయం. ముందు అడగాల్సింది, ఉన్న బ్యాకప్ పనిచేస్తుందా అని. రోజూ రాత్రి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ వెళ్తోంది, కానీ ఒక్కసారి కూడా ఎవరూ రీస్టోర్ చేసి చూడలేదు. నా లాప్‌టాప్‌లో చేశాను. మొన్నటిది తెరుచుకోలేదు, కాపీ సగంలోనే ఆగిపోయిందట. అంతకుముందు వారానిది తెరుచుకుంది. బాబాయి ముఖం చూడాలి! నాంపల్లి స్కూళ్ల నుంచి రావాల్సిన బాకీలన్నీ అందులోనే ఉన్నాయి మరి.

ఇంకో చిక్కుంది. కొత్త వెర్షన్‌లో తీసిన బ్యాకప్ పాతదాంట్లో రీస్టోర్ కాదు. కొత్తదాంట్లో రెండ్రోజులు బిల్లులు కొట్టాక వెనక్కి రావాలంటే అవన్నీ మళ్లీ ఎక్కించుకోవాల్సిందే. అందుకే ఆదివారం పెట్టుకున్నాం. ఆ రోజు అబిడ్స్‌లో చాలా షట్టర్లు దించేసి, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలే ఉంటాయి (డేటా కాపీ అయ్యేలోపు రెండు కొనుక్కోవచ్చు). జూన్ మాత్రం వద్దే వద్దు, స్కూళ్లు తెరిచే టైమ్.

ప్లాన్ ఒక్క పేజీ. సాయంత్రం ఆరుకల్లా పాత, కొత్త బాకీల మొత్తాలు పైసాతో సహా కలవాలి. లేదంటే సోమవారం పాత మెషీన్ మీదే బిల్లులు. ఆ చివరి లైను బాబాయే రాయించాడు.