వంటింట్లో డాక్టరమ్మ: గ్రైండరు కొన్నాం

ఈ నెల ఎండదెబ్బ గురించి రాస్తానని కిందటి నెల మాటిచ్చాను. ఎండ ఎక్కడికీ పోదు కనుక అది వచ్చే నెలకు వాయిదా. మేము కొత్త గ్రైండరు కొన్నాం. ఎందుకు కొనవలసి వచ్చిందో చెబితే డాక్టరుగా నా పరువు కొంత పోతుంది. అయినా చెప్పేస్తాను.

తెనాలి నుంచి మా అత్తగారు వచ్చి రెండు నెలలైంది. కర్జకాన్ నుంచి పిండి పాకెట్టు కోసం మనామా దాకా పోవడమేమిటని ఆవిడ ప్రతి గురువారం సాయంత్రం పప్పు రుబ్బుతారు. శుక్రవారం ఇడ్లీలు. ఒకరోజు, "అమ్మాయ్, ఈమధ్య వేళ్ళు జివ్వుమంటున్నాయి. నరాల బలహీనతేమో, ఏదైనా మాత్ర రాయి" అన్నారు.

ఆవిడకు పదేళ్ళుగా షుగరు. ఇంకేం! రక్త పరీక్ష చేయించాను, బి-కాంప్లెక్సు మొదలుపెట్టాను. రెండు వారాలైనా మార్పు లేదు. షుగరు వల్ల వచ్చే నరాల జబ్బు సాధారణంగా పాదాల్లో మొదలవుతుంది, చేతివేళ్ళలో కాదు. ఇది చదువుకున్నదే. ఆస్పత్రిలో పేషెంటయితే గుర్తొచ్చేది, ఇంట్లో అత్తగారు కావడంతో గుర్తురాలేదు. మొదటిరోజే అడగవలసిన ప్రశ్న మూడోవారం అడిగాను: "ఎప్పుడెప్పుడు వస్తోందండీ?"

"గురువారాలేనమ్మా. చెప్పులు విప్పి నుంచుంటే మరీను."

అప్పుడు గ్రైండరు వైపు చూశాను. కోయంబత్తూరు సరుకు, మా మరిది సామాన్లలో వచ్చింది. దాని ప్లగ్గుకు మన ఊళ్ళలో ఉండే మూడు గుండ్రని పిన్నులు. ఇక్కడి గోడలకు బ్రిటిష్ పద్ధతి పలక పిన్నుల సాకెట్లు. మధ్యలో మా వారు, ఏ ప్లగ్గయినా పడుతుందనే ఎడాప్టరు ఒకటి పెట్టారు. ఎలక్ట్రీషియన్ వచ్చి మీటరు పెట్టి చూశాడు. ఎడాప్టరుకు మూడో కన్నం ఉంది కాని లోపల ఎర్త్‌కు తీగే లేదు. మోటారులోకి చెమ్మ దిగి స్టీలు ఒంటికి కరెంటు కొద్దికొద్దిగా లీకవుతోంది. ఎర్త్ ఉంటే అది నేలలోకి పోయేది. లేదు కనుక తడి చేతుల మీదుగా, తుడిచిన నేలమీద నిలబడ్డ మా అత్తగారి గుండా పోతోంది.

సుమారు 1 మిల్లీ యాంపియరు దగ్గర చెయ్యి జివ్వుమంటుంది. 10 దాటితే వేళ్ళు బిగుసుకుపోయి, పట్టుకున్నది వదలమన్నా వదలవు. ఆ తరవాతిది గుండె సంగతి. చర్మం తడిస్తే కరెంటుకు అడ్డు బాగా తగ్గిపోతుంది. రుబ్బేటప్పుడు పొడిచేతులు ఎవరికుంటాయి? ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఇంకో విద్య కూడా ఉంది. రెండు పిన్నుల ప్లగ్గు దూరకపోతే పై కన్నంలో పుల్ల గుచ్చి, లోపలి తలుపు తెరిచి తోసెయ్యడం. మీ ఇళ్ళలో ఎవరూ చెయ్యలేదంటే నేను నమ్మను. ఆ తలుపు పిల్లల వేళ్ళకోసం పెట్టింది. పైగా ఆ పిన్నులు వదులుగా కూర్చుని వేడెక్కుతాయి.

పాతది తీసేద్దామనగానే మా వారు, "వంతెన దాటితే అల్ ఖోబర్‌లో చవక" అన్నారు. 1986లో వంతెన వేసినప్పటినుంచీ మనవాళ్ళ బేరాలు అటే కదా. కాని బహ్రెయిన్ కరెంటు 50 హెర్ట్జ్, సౌదీది 60. ఇస్త్రీపెట్టెకు పట్టింపు లేదు. గ్రైండరు, ఫ్రిజ్ మోటార్లకు ఉంది. 60కి మాత్రమే చేసిన గ్రైండరు ఇక్కడ ఆరోవంతు నెమ్మదిగా తిరిగి, ఎక్కువ వేడెక్కుతుంది. కొందామనుకుంటే అడుగున రేకు మీద 50/60 అని ఉందేమో చూడండి. మిక్సీ లాంటివాటిలో చతురం లోపల చతురం గుర్తు ఉంటే దానికి ఎర్త్ అక్కర్లేదు, రెండు పొరల రక్షణ ఉంటుంది. స్టీలు ఒళ్ళున్న గ్రైండర్లు చాలావాటికి ఎర్త్ తప్పదు.

చివరికి మనామాలోనే కొన్నాం. ఇక్కడి సాకెట్టుకు సరిపడే మూడు పలక పిన్నుల ప్లగ్గు దానితోనే వచ్చింది. నేను రేకు చదువుతూ కూర్చుంటే అత్తగారు మాత్రం గిన్నె ఎత్తి చూశారు, రాళ్ళు తీసి పెట్టి చూశారు. కొట్టువాడు గొప్పగా చూపించిన పెద్దదాన్ని, "నిండా పిండి ఉంటే దీన్ని దింపేదెవరు నాయనా?" అని పక్కన పెట్టించి 2 లీటర్లది తీసుకున్నారు. అది నాకు తట్టలేదు.

పాతదాని తీగ కత్తిరించి మరీ పారేశాం, ఎవరైనా తీసుకుపోయి వాడతారేమోనని. గురువారాలు మూడు గడిచాయి. వేళ్ళు బాగున్నాయట. మిగిలిన బి-కాంప్లెక్సు ఏం చెయ్యమంటావని అడుగుతున్నారు.