లెక్క తెలిసినవాళ్లు దోషులా?

లాటరీ అనగానే మనకు గుర్తొచ్చేది పోగొట్టుకున్నవాళ్లే. బస్టాండు పక్కన టిక్కెట్ల కొట్టులో సగం జీతం వదిలేసి ఇంటికొచ్చిన మగవాళ్ల కథలు మన అమ్మల తరం దగ్గర బోలెడున్నాయి. అందుకే లాటరీనే ఓడించిన ఒక పెద్ద వయసు దంపతుల సంగతి చదివితే మొదట నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాతే ఒక సందేహం పట్టుకుంది. వాళ్లు చేసింది న్యాయమేనా?

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఎవర్ట్ అనే చిన్న ఊళ్లో జెర్రీ సెల్బీ, మార్జ్ సెల్బీ చాలాకాలం కిరాణా దుకాణంలాంటిది నడిపారు. ఆరుగురు పిల్లలు. 2003లో, దుకాణం వదిలేసి విశ్రాంతిగా ఉన్న రోజుల్లో, జెర్రీ కంట ఒక కొత్త లాటరీ కరపత్రం పడింది. పెద్ద బహుమతి ఎవరికీ రాకుండా పెరిగిపోయి ఒక హద్దు దాటితే, ఆ సొమ్మంతా చిన్న బహుమతులకు పంచేస్తామని అందులో అచ్చేసి ఉంది. అలా పంచే వారం టిక్కెట్టు ధరకన్నా దాని సగటు విలువ ఎక్కువవుతుందని గణితం చదువుకున్న ఆయన నిమిషాల్లో లెక్కగట్టాడు. ఒకటి రెండు టిక్కెట్లు కొంటే అదృష్టమే దిక్కు. వేలల్లో కొంటే మాత్రం లెక్కే పనిచేస్తుంది.

మొదట్లో ఆయన ఈ సంగతి భార్యకు చెప్పలేదు. వేల డాలర్లు పెట్టి, లాభం కళ్లజూశాకే చెప్పాడు. ఏ దేశమైనా మొగుళ్లు మొగుళ్లే కదూ!

2005లో మిషిగన్‌లో ఆ ఆట ఆపేశారు. మసాచుసెట్స్‌లో అలాంటిదే 'క్యాష్ విన్‌ఫాల్' నడుస్తోందని తెలిసి ఇద్దరూ అక్కడికి బయల్దేరారు. టిక్కెట్టు 2 డాలర్లు. 46 అంకెల్లోంచి 6 ఎంచుకోవాలి. పెద్ద బహుమతి 20 లక్షల డాలర్లు దాటితే పంపకం. బంధువులనూ ఊళ్లోవాళ్లనూ భాగస్తులుగా చేర్చుకుని, వందలాది మైళ్లు కారులో వెళ్లి, ఒక్కో పంపకానికి 6 లక్షల డాలర్ల దాకా టిక్కెట్లు కొనేవారు. తర్వాత హోటలు గదిలో కూర్చుని రోజుకు పది గంటలు చొప్పున పది రోజులు ఒక్కో టిక్కెట్టూ చేత్తో ఏరడమే పని. బియ్యంలో రాళ్లు ఏరినవాళ్లకు ఆ ఓపిక ఎంతో తెలుస్తుంది. ఓడిన టిక్కెట్లనూ పారేయలేదు. ఇన్‌కంటాక్సు వాళ్లు అడిగితే చూపించాలని పెట్టెలకెత్తి షెడ్డులో దాచారు. తొమ్మిదేళ్లలో అందరికీ కలిపి మిగిలింది 77 లక్షల డాలర్ల పైమాటే.

ఇందులో మోసం ఎక్కడుంది? అంకెలు మార్చలేదు, ఎవరికీ లంచమివ్వలేదు. ప్రభుత్వానికి ప్రతి టిక్కెట్టు మీదా రావలసిన వాటా వచ్చింది. 2011లో బోస్టన్ గ్లోబ్ పత్రిక బయటపెట్టాక విచారణ జరిగింది. వీళ్లవల్ల మామూలువాళ్ల గెలుపు అవకాశాలకు నష్టం లేదని 2012లో నివేదిక తేల్చింది. ఆట మాత్రం మూతపడింది.

అయినా నా మనసు పూర్తిగా ఒప్పుకోదు. పంచిన ఆ సొమ్ము లాటరీ శాఖది కాదు. అంతకుముందు వారాల్లో రెండేసి డాలర్లు పోగొట్టుకున్నవాళ్లది. కూలి డబ్బు పెట్టి, ఏ వారం కొనాలో తెలియక ఎప్పుడుబడితే అప్పుడు కొన్నవాళ్లది. అయితే మన చీటీ పాట సంగతీ అంతే కదా అంటుంది మరో మనసు. అవసరం తరుముతుంటే మొదటి నెలల్లోనే తక్కువకు పాడుకుని ఎత్తుకునే ఆవిడ వదులుకున్నదే, ఆఖరిదాకా ఆగగలిగిన మనకు లాభమై చేరుతుంది. ఆగినందుకు మనల్ని ఎవరూ దొంగలనరు. నియమం అందరికీ ముందే తెలుసు కాబట్టి.

నా లెక్కలో గీత అక్కడే పడుతుంది. సెల్బీ దంపతులు ఆడింది ఎవరికైనా కనిపించే పంపకం రోజుల్లో. అదే లాటరీ మీద ఎమ్.ఐ.టి. విద్యార్థుల జట్టు ఒకటి కూడా ఆడేది. 2010 ఆగస్టులో, ఇంకా పంపకానికి వేళ కాకముందే, వాళ్లు ఒక్కసారిగా 7 లక్షల టిక్కెట్లు కొని పెద్ద బహుమతిని హద్దు దాటించేశారు. ఆ రోజు పంపకం ఉంటుందని మిగతావాళ్లకు తెలియనే తెలియదు. నియమం దాటలేదు నిజమే. కానీ పాట ఎప్పుడో తోటివాళ్లకు తెలియకుండా పాడుకున్నట్టు కాదా అది? దీన్ని, సెల్బీ దంపతులు చేసినదాన్ని ఒకే గాటన కట్టడం నాకిష్టం లేదు.

ఇక జూదశాలల సంగతి. 2012లో లండన్‌లోని క్రాక్‌ఫర్డ్స్‌లో ఫిల్ ఐవీ అనే ప్రసిద్ధ ఆటగాడు 77 లక్షల పౌండ్లు గెలిచాడు. గెలిపించిన చూపు మాత్రం పక్కన కూర్చున్న చియుంగ్ యిన్ సన్ అనే ఆవిడది. పేకముక్కల వెనక అచ్చులో వెంట్రుకవాసి తేడాను ఆవిడ పసిగట్టగలదు. మంచి ముక్కల్ని అటు తిప్పి పెట్టు, అదృష్టం కలిసొస్తుంది అని పంచే అమ్మాయికి చెప్పింది. ఆ అమ్మాయి నమ్మి తిప్పింది. జూదశాల గెలుపు సొమ్ము ఇవ్వనంది. 2017లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఇది మోసమేనని తీర్పిచ్చింది. మోసం కాదని ఐవీ మనస్ఫూర్తిగా నమ్మినా సరే, అంది.

తీర్పుతో నాకు పేచీ లేదు. తేడా కనిపెట్టడం ఆవిడ ప్రతిభ. అబద్ధపు కారణం చెప్పి ఎదుటి మనిషి చేత ముక్క తిప్పించడం ప్రతిభ కాదు. కానీ ఒక్కమాట అడగాలనుంది. ముక్క ఇటు తిప్పు, కుర్చీ అటు జరుపు అని ఎవరేం కోరినా ఆ జూదశాలలు మారుమాట్లాడకుండా ఎందుకు చేసిపెడతాయి? అలాంటి నమ్మకాలున్నవాళ్లు ఎంతసేపు ఆడితే అంత పోగొట్టుకుంటారని వాళ్లకు తెలుసు. ఆ రాత్రి ఆవిడ వాడుకున్నది సరిగ్గా ఆ తలుపునే, వాళ్లు మనకోసం తెరిచి ఉంచినదాన్నే.