నూనెలో నానిన నూలు



మన చీరాల పేరును దూరదేశాలకు మోసిన తేలియా రుమాలు మగ్గం ఎక్కకముందే మొదలయ్యేది. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టేవారు. అప్పటికి రంగూ లేదు, పువ్వూ లేదు, చేతికి జిడ్డే. కానీ ఎరుపు పట్టి నిలిచేది ఆ జిడ్డు వల్లనే.

కళ మీద ఆశ కూడా మొదట ఇలాగే ఉంటుంది. నిర్గమకాండము 35వ అధ్యాయం చూడండి: బెసలేలు నేర్పు కంటే ముందు, మనసు ప్రేరేపించగా మేకవెండ్రుకలు వడికిన స్త్రీల మాట ఉంది.

మన పిల్లలు బొమ్మ గీస్తామన్నా, పాట కడతామన్నా "అది కూడు పెడుతుందా?" అంటూ మనమే ఆర్పేస్తున్నాం. ఆకలి ఎరిగినవాళ్లం, ఆ భయం తప్పు కాదు. అయినా ఆశను పాపంగా చూడవద్దు. ప్రేరేపణ దిగివచ్చేదాకా ఊరికే కూర్చోనూ వద్దు. ముందు నూలు నానబెడదాం.