లోపల కొట్టిన మేకు కాగితం మీద ఎందుకు లేదు?

హెర్నియా ఆపరేషన్ చేయించుకున్నవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "లోపల వేసిన వల ఒంటికి పడకపోతే ఎలా సార్?" చాలాచోట్ల వారికి దొరికే జవాబు, "అది జడపదార్థం, ఏమీ చేయదు" అని. ఈ జవాబును నేను అంగీకరించను. పరాయి వస్తువు ఏది లోపలికి వచ్చినా శరీరం ఊరుకోదు.

పాలీప్రొపిలీన్ వల పరచిన క్షణం నుంచే రక్తంలోని ప్రొటీన్లు దానికి పూతలా అంటుకుంటాయి. తెల్లకణాలు చేరుతాయి. మింగలేని వస్తువును చుట్టుముట్టడానికి కొన్ని కణాలు ఏకమై బృహత్కణాలవుతాయి. చివరకు చుట్టూ మచ్చకణజాలం అల్లుకుంటుంది. వల విషయంలో మనకు కావలసింది ఈ ప్రతిచర్యే. బలహీనపడిన పొట్టగోడకు బలమిచ్చేది అదే. వల వేస్తే హెర్నియా తిరగబెట్టడం తగ్గుతుంది కనుక వల వద్దని నేననడం లేదు.

నా అభ్యంతరం దాన్ని బిగించే సాధనాల గురించి. పట్టుదారం పోగుల నడుమ సూక్ష్మజీవులు దాగితే నెలల తరబడి చీము కారవచ్చు. మెలితిరిగిన టైటానియం మేకు జీవితాంతం లోపలే ఉంటుంది. కరిగే మేకులు కూడా పూర్తిగా కరగడానికి దాదాపు ఏడాది తీసుకుంటాయి.

మైలవరం పరిసరాల్లో నాపరాళ్లు మోసే ఒక కూలీకి లాపరోస్కోపీ ద్వారా గజ్జల హెర్నియా ఆపరేషన్ జరిగింది. ఆ తరువాత తొడ వెలుపలి వైపు నిప్పు పెట్టినట్లు మంట. డిశ్చార్జి కాగితంలో "మెష్ రిపేర్" అన్న రెండు మాటలే ఉన్నాయి. ఎక్స్‌రే తీయిస్తే మేకులు కనిపించాయి. తొడ చర్మానికి వెళ్లే నాడులున్న చోట, మేకు కొట్టరాదని వైద్యవిద్యార్థులకు కూడా నేర్పే చోట!

అసలు అన్ని మేకులు అవసరమా? పొట్టలోపలి పొర వెలుపలే ఉండి చేసే లాపరోస్కోపీ పద్ధతిలో, పెద్ద డైరెక్ట్ హెర్నియాలకు తప్ప వలను బిగించే అవసరం దాదాపు లేదని 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మేకులు కొట్టే పరికరం మాత్రం చౌక కాదు.

కనుక ఆపరేషన్‌కు ముందే అడగండి: ఏ వల, దేనితో బిగిస్తారు, ఎందుకు? పెట్టె మీది స్టిక్కరును మీ కాగితానికి అంటించమనండి.

వైద్యసాధనాల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2015 నుంచి ఉంది. ఆ కూలీ తరఫున ఫారం నింపబోయాను. సాధనం పేరు, తయారీదారు, బ్యాచ్ సంఖ్య అని గడులున్నాయి. ఆ వివరాలు కోరుతూ ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి రెండుసార్లు ఉత్తరం రాశాను. ఇంతవరకు జవాబు లేదు.