ఉమ్మడి గొర్రె

వానలు మొదలయ్యాయి. భద్రాచలం కరకట్ట మీద కెమెరాలు దిగాయి. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మా వైపు పిల్లలకు ఈ లెక్క ఎక్కాలకన్నా ముందే వస్తుంది. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు చూసిన ఊరు మరి. గోదారి అడుగులు లెక్కపెట్టొద్దని ఎవరంటారు? అడవి అంచున వాగుల మీదున్న గేట్లు లేస్తాయో లేవో ఎవరూ చూడకపోవడమే నా కడుపుమంట.

కిందటి ఆదివారం అశ్వారావుపేట నుంచి గుమ్మడవల్లి వైపు వెళ్లాను. టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన పొలం సంగతి ఎత్తాడు. ‘‘వరి పెట్టే మడిలో ఇసక మేటేసింది సారూ. గేటుకు గ్రీజు ఎవురు పెట్టాలో తేల్చుకునే లోపల కట్టే పోయింది’’ అన్నాడు. ఇంతకన్నా పొట్టి విచారణ నివేదిక నేను చదవలేదు.

2024 జులై 18న ఆ గుమ్మడవల్లి దగ్గరి పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగింది. వరదలో చిక్కిన జనాన్ని హెలికాప్టర్లతో తేవాల్సి వచ్చింది. గేట్లు సకాలంలో లేవలేదని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. కట్ట తెలంగాణలో ఉంది. 16 వేల ఎకరాల ఆయకట్టులో మనకున్నది రెండు వేల పైచిలుకే, మిగతాదంతా ఆంధ్రాలోకి వెళ్లిన కుక్కునూరు, వేలేరుపాడు మండలాలది. కట్ట ఒకరిది, పంట ఇంకొకరిది. ఈ రెండింటి మధ్యకు 2021లో గోదావరి బోర్డు వచ్చింది. కృష్ణా, గోదావరుల మీద ఎన్నో ప్రాజెక్టుల కోసం కొట్టుకునే రెండు రాష్ట్రాలు పేచీ లేకుండా అప్పగించింది ఈ బుల్లి ప్రాజెక్టునే. ఎందుకో ఇప్పుడు అర్థమవుతోంది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని పెద్దలు ఊరికే అనలేదు.

కట్ట తెగిన 28 రోజులకు, ఆగస్టు 15న, ముఖ్యమంత్రి పూసుగూడెంలో సీతారామ ఎత్తిపోతల పంపు మీట నొక్కారు. పూసుగూడెం ఉన్నది కూడా అశ్వారావుపేట నియోజకవర్గంలోనే. 2016లో శంకుస్థాపన జరిగిన ఆ పథకం అంచనా 13 వేల కోట్లు దాటింది. గోదారిని కొండెక్కించే పంపులు కొనగలిగాం. ఉన్న వాగు మీద గేటు పైకెత్తే మనిషిని మాత్రం పెట్టుకోలేకపోయాం.

నా పాత పాట మళ్లీ పాడుతున్నానని పాఠకులు విసుక్కోవచ్చు. అయినా పాడతాను. ప్రాజెక్టును కాపాడేది ఇంజినీరు కాదు, లష్కరు. కాలవ గట్టు వెంట నడిచి, ఎక్కడ ఎండ్రకాయ బొరియ పెట్టిందో, ఏ తూము చెమ్మ కారుతోందో చూసేది అతనే. చెరువు కింద ఆ పని నీరటిది. ఏ మడికి ఎన్ని జాములు నీరో అతని నోటి లెక్క. పంట రాగానే కళ్లంలోనే మేర కొలిచి ఇచ్చేవాళ్లు. నీళ్లు సరిగ్గా పారకపోతే ఆ మేరా తగ్గేది. అందుకే రాత్రి వాన పడితే అతనికి నిద్ర పట్టేది కాదు. నీరటి పోయాడు. లష్కరు పోస్టు ఖాళీ పడితే ఏళ్ల తరబడి ఖాళీగానే ఉంటుంది. మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీశారు, మంచిదే. తీసిన చెరువును చూసుకునే మనిషికి జీతం రాసినవాడు లేడు. శిలాఫలకం మీద లష్కరు పేరు పడదు కదా!

ఈ ఉమ్మడి రోగం నీళ్లతో ఆగిందా? భద్రాచలం చెత్త సంగతి చూడండి. 2014లో పోలవరం ముంపు పేరు చెప్పి చుట్టూ ఉన్న మండలాలను ఆంధ్రాకు ఇచ్చేసి, రామయ్య గుడి ఉన్న ఒక్క ఊరినీ ఇటు ఉంచారు. దేవుడు తెలంగాణలో, పురుషోత్తపట్నంలోని ఆయన మాన్యం ఆంధ్రాలో! ఊరి చెత్త పోసుకోవడానికి జానెడు జాగా లేదు. యటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచుకలపాడు పంచాయతీలను తిరిగిమ్మని అడుగుతూనే ఉన్నారు. ఈలోగా చెత్త గోదారి ఒడ్డునే గుట్ట పడుతోంది. కల్యాణానికి వచ్చిన భక్తులు ఆ నీళ్లే నెత్తిన చల్లుకుంటున్నారు.

మళ్లీ వరద వస్తుంది. కెమెరాలు కరకట్ట మీదే ఉంటాయి. చిన్న వాగుల మీద, ఇనప గేటు తుప్పు పట్టడానికి ఏ రాష్ట్రం అనుమతీ అడగదు.